లండన్‌లో పర్షియావాడు, ఇండియాలో లండన్‌వాడు

సొంత సీమ వదిలి స్థిరపడిన మనలాంటి కుటుంబాలకు ఎప్పుడూ రెండు పేర్లుంటాయి. బెంగుళూరులో ఇరుగుపొరుగు మనల్ని తెలుగువాళ్లంటారు. పెళ్లికో పండగకో ఆంధ్ర వైపు వెళ్తే, చుట్టాలు ‘బెంగుళూరు వాళ్లొచ్చారు’ అంటారు. మద్రాసులో ఉన్నవాళ్లదీ, బరంపురంలో ఉన్నవాళ్లదీ ఇదే కథ. ఏ ఊళ్లో నిలబడితే ఆ ఊరి పేరు తప్ప రెండోది అంటుకుంటుంది. రెండు వందల ఏళ్ల కిందట లండన్ చూసొచ్చిన ఒక లక్నో మనిషికి సరిగ్గా ఇదే జరిగింది. ఆయన కథ మన కుటుంబాలు చదవదగ్గది.

ఆయన పేరు మీర్జా అబూ తాలిబ్. 1752లో లక్నోలో పుట్టారు. తండ్రి పుట్టింది ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో. నాదిర్ షా ఏలుబడిలో ప్రాణభయంతో హిందూస్థానం వచ్చి, అవధ్ నవాబుల కొలువులో చేరారు. అంటే అబూ తాలిబ్‌ది కూడా వలస వచ్చి వేళ్లూనుకున్న ఇల్లే. చదువూ రాతా ఫారసీలో. అవధ్‌లో రెవెన్యూ కొలువు చేశారు. అక్కడి దర్బారు రాజకీయాల్లో ఉద్యోగం పోయింది. కలకత్తా చేరి కంపెనీ దొరల చుట్టూ తిరిగినా పని కుదరలేదు. అప్పుడు రిచర్డ్‌సన్ అనే స్కాట్లండ్ కెప్టెన్, తనతో ఇంగ్లండు రమ్మని పిలిచారు. దారిలో ఇంగ్లీషు నేర్పుతానని కూడా చెప్పారు. బతుకు మీద విరక్తితో ఉన్న మనిషి సరేనన్నారు. 1799 ఫిబ్రవరిలో ఓడ ఎక్కారు.

కేప్ టౌన్ మీదుగా ముందు ఐర్లండ్ చేరారు. డబ్లిన్‌లో లార్డ్ కార్న్‌వాలిస్‌ని కలిశారు. మన దేశంలో గవర్నర్ జనరల్‌గా చేసిన ఆ కార్న్‌వాలిసే అప్పుడు ఐర్లండ్‌లో రాజప్రతినిధి. డబ్లిన్ రాత్రివేళ ఆయన్ని కట్టిపడేసింది. వీధి దీపాలు, వాటికి తోడు మందుల అంగళ్లలో రంగురంగుల గాజు పాత్రల వెనక వెలుగులు. అవి చూడగానే ఆయనకు దీపాలంకరణలో ఉన్న లక్నో ఇమాంబాడా గుర్తుకొచ్చింది. పరాయి ఊళ్లో మొదటి అందం కనబడగానే మనసు సొంత ఊరి కొలబద్ద బయటికి తీస్తుంది. ఇది మనకూ అనుభవమే కదా!

1800 జనవరిలో లండన్ వచ్చారు. మరుసటి ఏడు ఇంగ్లండులో మొట్టమొదటి జనాభా లెక్కలు తీస్తే, లండన్‌లో సుమారు పది లక్షల మంది తేలారు. గ్యాస్ దీపాలు ఇంకా రాలేదు. పాల్ మాల్ వీధిలో అవి వెలిగింది 1807లో. అయినా నూనె దీపాల వరసలతో నగరం రాత్రంతా మేలుకునే ఉండేది. ఇళ్ల మధ్య ఇనుప కమ్మీలు కట్టిన తోటల చౌకాలు, కాఫీ హౌసులు, క్లబ్బులు, నాటకశాలలు, మ్యూజియం, యంత్రాలు పెట్టిన కార్ఖానాలు. అన్నీ తిరిగి చూశారు. మూడో జార్జి రాజుకీ, షార్లెట్ రాణికీ పరిచయం చేయబడ్డారు. పెద్దింటివాళ్లు విందులకు పిలిచారు, చిత్రకారులు కూర్చోబెట్టి బొమ్మలు గీశారు. పత్రికలవాళ్లు ఆయనకు ‘పర్షియా రాకుమారుడు’ అని పేరు పెట్టేశారు. ఆయన పర్షియాలో పుట్టలేదు, రాకుమారుడు అసలే కాదు. తాను ఆ బిరుదు ఎన్నడూ చెప్పుకోలేదన్నా ఎవరూ వినలేదు. తలపాగా, అంగరఖా చూసి వాళ్లకు తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు.

ఇంత మర్యాద జరిగితే చాలామంది ఆ ఊరికి దాసోహం అంటారు. అబూ తాలిబ్ అలా అనలేదు. తన పుస్తకంలో ఇంగ్లీషువాళ్ల మంచి గుణాలు వరసగా రాశారు: పరువు మీద పట్టింపు, నియమం తప్పడానికి జంకడం, సామాన్యుల బతుకు బాగుచేయాలన్న ఆలోచన, యంత్రాల మీద మోజు, అతిథి మర్యాద. ఆ తర్వాత వాళ్ల దోషాలకూ ఒక జాబితా వేశారు. లెక్కకు పన్నెండు. దైవభక్తి తక్కువ, గర్వం ఎక్కువ, డబ్బు యావ, సుఖలాలస, ముక్కు మీద కోపం, నిద్రకూ తిండికీ అలంకారానికీ పొద్దంతా పోగొట్టడం, ఇతరుల ఆచారాలను చులకన చేయడం. నాలుగు ముక్కల ఫారసీ రాగానే ఆ భాష మీద పుస్తకాలు రాసేస్తారని ఒక చురక కూడా అంటించారు. దొరలకు తాను స్వయంగా ఫారసీ నేర్పుతానని ముందుకొస్తే, ఆయన ఉండగా ఆ బడి సాగలేదు మరి!

ఆడవాళ్ల సంగతిలో ఆయన వాదన ఇంకా ఆసక్తికరం. ఆసియా స్త్రీలకు స్వేచ్ఛ లేదని అక్కడివాళ్లు అంటే, జవాబుగా ఒక వ్యాసమే రాశారు. అది ఇంగ్లీషులోకి వెళ్లి 1801లో అచ్చయింది. మా ఇళ్లలో ఆస్తి మీద, పిల్లల మీద, నౌకర్ల మీద ఆడవాళ్లకున్న అధికారం మీ ఇళ్లలో ఉందా అన్నది ఆయన ప్రశ్న. పరదా వెనకాల కష్టం ఆయన లెక్కలోకి రాలేదనే మనం ఈరోజు అనుకుంటాం. కానీ ఆ కాలపు ఇంగ్లండు చట్టంలో పెళ్లయిన స్త్రీ సొత్తు భర్త చేతికి వెళ్లిపోయేది. అది మారడానికి 1870, 1882 చట్టాలు రావాల్సొచ్చింది. బయటినుంచి వచ్చిన మనిషి ఇంటివాళ్లకు కనబడని చోట వేలు పెట్టాడు.

1802లో లండన్ వదిలి పారిస్, మార్సెయ్, మాల్టా, ఇస్తాంబుల్, బాగ్దాద్ మీదుగా 1803 ఆగస్టులో కలకత్తా చేరారు. అక్కడ జనం ఆయన్ని ‘లండనీ’ అని పిలవడం మొదలుపెట్టారు. లండన్‌లో పర్షియావాడు, ఇండియాలో లండన్‌వాడు. పుట్టిన లక్నో మాత్రం రెండు పేర్లలోనూ లేదు.

ప్రయాణమంతా ఫారసీలోనే రాసి పెట్టారు. తన చదువరులు హిందూస్థానంలో ఫారసీ చదివేవాళ్లే. 1806లో పోయారు. కంపెనీ కాలేజీలో పనిచేసే చార్లెస్ స్టువర్ట్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1810లో లండన్‌లో వచ్చింది. అసలు ఫారసీ పుస్తకం 1812లో కలకత్తాలో అచ్చయింది. ఆ పని చేయించింది ఆయన కొడుకు. ఇంట్లో ఆ భాష చదవగలిగే కొడుకు ఉన్నాడు కాబట్టి తండ్రి మాట తండ్రి భాషలోనే మిగిలింది.

మనవాళ్లలో ఏనుగుల వీరాస్వామయ్యగారిని ఇక్కడ తలచుకోవాలి. అరవదేశంలోని చెన్నపట్నంలో సుప్రీంకోర్టు ద్విభాషిగా ఉంటూ, 1830–31లో కాశీయాత్ర చేసి, చూసిందంతా తెలుగులో రాశారు. ఆయన పోయాక 1838లో అది పుస్తకంగా వచ్చింది. సత్రాలు, దారులు, ధరలు, మంచీ చెడూ అన్నీ అందులో ఉన్నాయి. తమిళం వినబడే ఊళ్లో ఉంటున్నా తెలుగులో రాశారు కనుకే ఈరోజు అది మన చేతిలో ఉంది.

మన కుటుంబాల్లో కూడా ఇలాంటి కాగితాలు ఉన్నాయి. తాతల పద్దు పుస్తకాలు, నాయనమ్మల ఉత్తరాలు, పాత డైరీలు. వచ్చిన కొత్తలో ఈ ఊరు ఎలా అనిపించిందో, ఇక్కడివాళ్లలో ఏం నచ్చిందో, ఏం నచ్చలేదో వాటిలో రాసి ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు చాలామందికి తెలుగు అక్షరాలు రావు. బళ్లో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో చదివారు, అది తప్పేమీ కాదు. ఇరుగుపొరుగు మనకు ఏ పేరైనా పెట్టుకోనివ్వండి. ఆ డైరీ తెరిచి చదివే మనిషి ఇంటికొక్కరైనా ఉండాలి. మనవలకు ఈ వేసవి సెలవుల్లో అక్షరాలు దిద్దించడం అంత పెద్ద పనేం కాదు.