కొండమీద చలి, కింద చలిమంట



పుష్యమాసంలో పూసగుచ్చ పొద్దుండదని మన పెద్దల సామెత. ఆ పొద్దు లేని రోజుల్లో తెల్లవారుజామున సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి మీదుగా కోరాపుట్‌ వైపు వెళ్ళినవారికి ఒక దృశ్యం పరిచయమే. దారి పక్కన కోసిన చోడి మళ్ళలో, గడ్డి దుబ్బుల మీద, పల్లంలో ఉన్న వరి మోళ్ళ మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. చేత్తో తాకితే కరకరలాడుతుంది. పొద్దెక్కి ఎండ తగిలేసరికి మాయమవుతుంది. చూసినవాళ్ళు ఊరికి వచ్చి "కొండమీద మంచు కురిసింది" అని చెబుతారు. మర్నాడు పత్రికలో కూడా అదే మాట వస్తుంది.

నిజంగా మంచు కురిసిందా? ఈ ప్రశ్న వేసుకుంటే మన భాషలోని ఒక విశేషం బయటపడుతుంది. ఆకు మీద నిలిచే నీటిబొట్టు మంచే, దారి కనిపించకుండా కమ్మే పొగ మంచే, హిమాలయాల మీద పేరుకునేది మంచే, పెళ్ళిళ్ళలో షరబత్తులో వేసే గడ్డ కూడా మంచే. చలిదేశాల వాళ్ళకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరుంది. మనకు ఒకే మాటతో సరిపోయింది, ఎందుకంటే మన అవసరం అంతే. తెలుగువాడికి అసలైన మంచు చాలాకాలం కావ్యాల్లోనే ఎదురైంది. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు పాదలేపం పూసుకుని హిమాలయానికి వెళ్ళడం, ఆ మంచులో లేపం కరిగిపోయి ఇల్లు చేరే దారి లేక చిక్కుకోవడం మనందరికీ తెలిసిన కథ. వేడి దేశపు మనిషి మంచు సంగతి తెలియక ఇరుక్కోవడం అక్కడి నుంచే మనకు తెలుసు!

మన కొండల మీద తెల్లగా కనిపించేది ఆకాశం నుంచి కురిసిన మంచు కాదు. నేల మీదనే గడ్డకట్టిన మంచు. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ గాలి ఉష్ణోగ్రత ఇంచుమించు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కోరాపుట్‌ పట్టణం తొమ్మిది వందల మీటర్లకు కొంచెం తక్కువ ఎత్తున ఉంది. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి శిఖరం 1672 మీటర్లు. అంటే విశాఖ తీరంలో పల్చటి దుప్పటి చాలిన రాత్రి ఇక్కడ రగ్గు కప్పుకోవాలి. దీనికి తోడు చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలక నిలిచిపోతే, పగలు నేల తాగిన వేడి రాత్రి పైకి వెళ్ళిపోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి, నీరు పల్లానికి పారినట్టు వాలు వెంట దిగి లోయలో నిలుస్తుంది. అందుకే శిఖరం మీద కంటే లోయలోని గడ్డి మీద ముందుగా మంచు కట్టడం కద్దు. ఇక ఆకాశం నుంచి మంచు కురవాలంటే మబ్బు కావాలి. మనకు మబ్బు పట్టిన రాత్రి నేల వేడి బయటకు పోదు, చలి తగ్గుతుంది. చలి ఉన్న రాత్రి మబ్బు ఉండదు, మబ్బు ఉన్న రాత్రి అంత చలి ఉండదు. అందువల్ల ఆ రెండూ మన కొండల మీద కలుసుకోవు.

ఈ చలికి చరిత్ర ఉందా అంటే, ఉంది. కాని అది ఎక్కువగా రాతలో లేదు. జయపురం సంస్థానం 1936 ఏప్రిల్‌ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే వరకు మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో భాగం. అప్పటి దొరల కాగితాల్లో ఎక్కువగా కనిపించే మాట చలి కాదు, జ్వరం. 1863లో బ్రిటిషు అధికారి జయపురంలో కాపురం పెట్టాడు. అక్కడి మలేరియాకు తట్టుకోలేక 1870లో అధికార కేంద్రాన్ని పైనున్న కోరాపుట్‌కు మార్చారు. మలేరియా దోమ ద్వారా వ్యాపిస్తుందన్న రహస్యం సికిందరాబాదులో రొనాల్డ్‌ రాస్‌కు దొరికింది 1897లో. అంతవరకు చెడుగాలే జ్వరానికి కారణమని నమ్మేవారు. చల్లటి, ఎత్తయిన చోటికి పోతే మంచి గాలి దొరుకుతుందన్నది వారి లెక్క. అనంతగిరి దగ్గరి గాలికొండ మీద తెల్ల సైనికులకు ఆరోగ్య విడిది కట్టాలన్న ప్రయత్నం కూడా ఆ శతాబ్దంలోనే జరిగింది. అయితే జ్వరం అక్కడికీ వెంటబడింది, విడిది నిలవలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. దొరకు ఈ చలి మందు. ఇంటి మీద బెంగ తీర్చే వాతావరణం. అతనికి ఉన్ని కోటు ఉంది, గదిలో పొయ్యి ఉంది, కట్టె మోసుకొచ్చే మనిషి ఉన్నాడు. ఆ కట్టె మోసిన మనిషికి అదే చలి గండం. అతని చలి ఏ దస్తావేజులోనూ ఎక్కలేదు.

ఆ మనిషి ఏం చేశాడు? వేల సంవత్సరాల అనుభవంతో తన ఇంటినే కుంపటిగా మార్చుకున్నాడు. గదబల పాతకాలపు గుండ్రటి ఇల్లు చూడండి. శంఖం బోర్లించినట్టు గడ్డి కప్పు కిందికి దిగి ఉంటుంది. తలుపు చిన్నది, వంగి లోపలికి పోవాలి. కిటికీ ఉండదు. లోపల పొయ్యి. బయటివాళ్ళు చూసి "చీకటి, పొగ" అన్నారు. కాని మట్టి గోడ పగటి వేడిని పట్టి ఉంచుతుంది, దట్టమైన గడ్డి కప్పు దాన్ని పోనివ్వదు, చిన్న తలుపు చలిగాలిని రానివ్వదు. రాత్రి నిప్పు చుట్టూ మనుషులు పడుకుంటారు. ఆ వెచ్చదనానికి వాళ్ళు చెల్లించిన ధర కూడా ఉంది. పొగకు కళ్ళు మండటం, దగ్గు పట్టడం, నిద్రలో పసిపిల్లలు నిప్పుల్లోకి దొర్లడం. చలి తప్పించుకోవడానికి నిప్పు దగ్గరకు, నిప్పు తప్పించుకోవడానికి చలి దగ్గరకు జరుగుతూ గడిపిన రాత్రులవి.

బట్ట సంగతి మరీ ఆసక్తికరం. గదబ స్త్రీలు కెరంగ్‌ అనే మొక్క బెరడు నుంచి నార తీసి, దానికి నూలు కలిపి, చారల బట్ట నేసేవారు. ముతకది, బరువైనది, గట్టిది. మిల్లు బట్ట సంతకు వచ్చిన తరువాత ఆ మగ్గాలు క్రమంగా మూలపడ్డాయి. మిల్లు చీర తేలిక, రంగు బాగుంటుంది, చవక. కాని పుష్యమాసపు రాత్రి దాని విలువ ఎంతో కట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. జయపురానికి పడమటనున్న కుందుర, కోట్‌పాడ్‌ ప్రాంతాల శ్రోతలకు కోట్‌పాడ్‌ నేత గురించి నేను చెప్పనక్కరలేదు. ఆల్‌ చెట్టు వేరు నుంచి తీసిన ఎర్ర రంగుతో అక్కడి మిర్గాన్‌ నేతగాళ్ళు నేసే దట్టమైన నూలు బట్టకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. రాయగడ వైపు నియమగిరి కొండల డోంగ్రియా కోందు యువతులు ముతక వస్త్రం మీద సూదితో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలు కుట్టి కపడాగండా అనే శాలువా తయారు చేస్తారు. అన్నకో, తమ్ముడికో, మనసిచ్చిన వాడికో ఇచ్చే కానుక అది. దానికి 2024లో గుర్తింపు వచ్చింది. నేడు వాటిని అందమైన కళగా బీరువాలో దాచుకుంటున్నాం. మంచిదే. అవి పుట్టింది మాత్రం కొండ మీద మనిషి ఒంటిని కాపాడటానికి.

తిండి కూడా చలికి తగినదే. తెల్లవారగానే చోడి అంబలి. కోరాపుట్‌లో దాన్నే మాండియా పేజ్‌ అంటారు. పొయ్యి మీది నుంచి దించిన వేడి అంబలి రెండు దొప్పలు తాగితే ఒంట్లోకి ప్రాణం వస్తుంది. పగిలిన పెదవులకు, మడమలకు ఆముదమో, వలిసె నూనెనో. పని వేళలు కూడా చలిని బట్టే. ఎండ గట్టు మీదికి వచ్చాకనే పశువులను విప్పడం, మంచు ఆరాకనే పొలంలో దిగడం.

కింద నుంచి వచ్చిన తెలుగువాడి కథ వేరు. ఒకప్పుడు బంజారాలు ఎద్దుల మీద ఉప్పు వేసుకుని ఘాటీ ఎక్కి, ధాన్యం వేసుకుని దిగేవారు. వారికి రాత్రి విడిదిలో నెగడే ఇల్లు. నెగడు వల్ల చలీ దూరం, పులీ దూరం. తరువాత 1946 ప్రాంతాల్లో మాచ్‌ఖండ్‌ జలవిద్యుత్‌ పని మొదలై 1955లో కరెంటు వచ్చింది. 1960లలో సునాబెడాలో విమాన ఇంజన్ల కర్మాగారం, కొత్తవలస – కిరండూల్‌ రైలుమార్గం, 1980లలో దమన్‌జోడిలో అల్యూమినా కర్మాగారం వచ్చాయి. వీటన్నిటిలో పనికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి ఎందరో ఎక్కి వచ్చారు. నూలు పంచె, తువ్వాలుతో వచ్చిన మనిషికి మొదటి చలికాలమే గురువు. సంతలో గొంగళి కొన్నాడు. చెవులు మూసే టోపీ పెట్టాడు. ఇంట్లో కుంపటి రాజేశాడు.

ఆ తరువాత స్వెట్టరు వచ్చింది. దాని వెనక ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. 1959లో టిబెట్‌ విడిచి వచ్చిన శరణార్థులలో కొందరికి 1963లో మన పొరుగునే, ఇప్పటి గజపతి జిల్లా చంద్రగిరిలో నివాసం కల్పించారు. మంచు దేశం మనుషులు మొక్కజొన్న పండించే వేడి కొండలకు వచ్చి బతకడం నేర్చుకున్నారు. దేశంలోని పలు శిబిరాల టిబెటన్లు ప్రతి చలికాలం పట్టణాలకు వచ్చి, పేవ్‌మెంట్ల మీద ఉన్ని దుస్తులు అమ్ముతారు. వేడి దేశపు వాళ్ళకు చలి కాచుకోవడం నేర్పింది ఇల్లు పోగొట్టుకున్న మంచు దేశం వాళ్ళన్న మాట.

చలి మనిషి ఒంటితో ఆగదు, పంట మీదా పడుతుంది. మంచు కట్టిన రాత్రి బంగాళాదుంప, చిక్కుడు, టమాటా ఆకులు మర్నాటికి నిప్పు సెగ తగిలినట్టు నల్లబడతాయి. సాయంత్రం తడి పెడితే నేల వేడిని నిలుపుకుంటుంది. నారుమడి మీద గడ్డి కప్పితే ఆ వేడి పోదు. జయపురం మహారాజు రాజబహదూర్‌ రామచంద్రదేవ్‌ 1930లలో ఇక్కడికి తెచ్చిన కాఫీకి కూడా మంచే శత్రువు. నీడ చెట్ల కింద పెంచిన తోటకు ఆ చెట్లే రాత్రిపూట దుప్పటి. బ్రెజిల్‌లో 1975 జూలైలో ఒక్కసారి పట్టిన మంచుకు పరానా రాష్ట్రపు కాఫీ తోటలు మాడిపోయి, ప్రపంచమంతా కాఫీ ధర పెరిగింది.

వేడి ప్రాంతాలకు అరుదుగా వచ్చే చలి ఎందుకు ప్రమాదమో చెప్పడానికి ఇంకో ఉదాహరణ చాలు. అమెరికాలోని టెక్సాస్‌లో మన తెలుగువాళ్ళు వేల సంఖ్యలో ఉన్నారు. అది ఎండలకు పేరుపడ్డ రాష్ట్రం. 2021 ఫిబ్రవరిలో అక్కడ మంచు తుపాను వచ్చింది. లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది, కుళాయి గొట్టాలు గడ్డకట్టి పగిలాయి. 246 మంది మరణించినట్టు ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్క తేల్చింది. ఎక్కువమంది చలికే పోయారు. కొందరు మాత్రం వెచ్చదనం కోసం మూసిన గదుల్లో బొగ్గు రాజేసి, లేదా గ్యారేజీలో కారు నడిపి, ఆ విషవాయువుకు బలయ్యారు. ధనిక దేశమైనా అలవాటు లేని చలికి సిద్ధంగా లేకపోతే అంతే.

ఆ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మన పాత ఇంటి గడ్డి కప్పు సందుల్లోంచి కొంత గాలి ఆడేది. ఇప్పుడు సిమెంటు శ్లాబు, గట్టి తలుపులు. ఆ గదిలో పాత కుంపటి పెట్టి తలుపు బిగించడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఇల్లు మారింది కనుక అలవాటు కూడా మారాలి. కుంపటి వరండాలో ఉండనివ్వండి. పడుకునే ముందు నిప్పు ఆర్పేయండి. పసిబిడ్డను తల్లి ఒంటికి ఆనించి పడుకోబెడితే, తలకు గుడ్డ కడితే, దానికి మించిన కుంపటి లేదు.

ఇప్పుడు లంబసింగికి, దారింగ్‌బాడికి, దేవమాలికి తెల్లవారుజామున కార్లు బారులు తీరుతున్నాయి. లంబసింగిని కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట ఉన్న మనిషి తెల్లారేసరికి కొర్రులా బిగిసిపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఆ ఊరికి పేరు పెట్టినవారికి చలి వేడుక కాదు. నేడు దాన్ని చూడ్డానికి వెళ్ళేవారికి వేడుక. నూట యాభై ఏళ్ళ కిందట దొరకూ, కట్టె మోసిన మనిషికీ మధ్య ఉన్న తేడాయే ఇది. వెళ్ళవద్దని నేననను. వెళ్ళేటప్పుడు మీరు వాడకుండా పెట్టెలో ఉంచిన రగ్గు ఒకటి, స్వెట్టరు ఒకటి తీసుకువెళ్ళండి. అక్కడ మీకు టీ కాచి ఇచ్చే ఇంట్లో ఎంతమందికి ఎన్ని దుప్పట్లు ఉన్నాయో ఒకసారి అడగండి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. పోయేలోగా అది ఎవరినీ తనతో తీసుకుపోకుండా చూసుకోవడం మన చేతిలో పని.

సెలవు.