గాల్వెస్టన్ నుంచి అకపుల్కో దాకా

1900 సెప్టెంబరు 8న టెక్సాస్ తీరంలోని గాల్వెస్టన్ నగరం మీద హరికేన్ ధాటికి సముద్రం విరుచుకుపడింది. కనీసం 6,000 మంది, కొందరి లెక్కలో 12,000 మంది పోయారు. అమెరికాలో అంతటి ప్రాణనష్టం మిగిల్చిన ప్రకృతి విపత్తు మరొకటి లేదు. భూతాపం ఇంకా పెద్దగా పెరగని రోజులవి. కాబట్టి ప్రతి హరికేన్‌నూ దాని ఖాతాలో వేయడం న్యాయం కాదు. 1977 నాటి దివిసీమ ఉప్పెన తెలిసిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

మరి మారిందేమిటి? సముద్రపు నీరు సుమారు 26 డిగ్రీలు దాటిన చోటే హరికేన్లు పుడతాయని 1948లో వాతావరణ శాస్త్రవేత్త ఎరిక్ పామెన్ గుర్తించాడు. ఆవిరి పైకి లేచి మబ్బుగా మారేటప్పుడు వదిలే వేడే వాటికి బలం. సముద్రం వేడెక్కితే ఆ బలం ఎంతదాకా పెరగగలదో 1987లో మరో శాస్త్రవేత్త కెర్రీ ఇమాన్యుయెల్ లెక్కకట్టాడు. 2005 ఆగస్టు మొదట్లో, తుపాన్ల విధ్వంసశక్తి 1970ల నుంచి బాగా పెరిగిందని ఆయనే వెల్లడించాడు. ఆ నెల తిరగకుండానే కత్రినా హరికేన్ వచ్చి అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌ను ముంచింది.

కత్రినా దారిలో వెచ్చని నీరు చాలా లోతుదాకా ఉంది. మామూలుగా గాలి సముద్రాన్ని చిలికి అడుగునున్న చల్లనీటిని పైకి తెస్తుంది, దాంతో తుపాను నీరసిస్తుంది. వెచ్చని పొర మందంగా ఉంటే ఆ అడ్డు ఉండదు. భూమి మీద చిక్కుకుంటున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాల్లోకే పోతోందన్నది ఇక్కడే భయపెడుతుంది.

హరికేన్ల సంఖ్య స్పష్టంగా పెరిగిందని ఇప్పటికీ చెప్పలేం. ఉపగ్రహాలు రాకముందు నడిసముద్రంలో పుట్టి అక్కడే అణగారిన తుపాన్లెన్నో లెక్కకే ఎక్కలేదు. పెరిగింది అతి తీవ్రమైన వాటి వాటా. వానా పెరిగింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. 2017లో హార్వీ హరికేన్ టెక్సాస్‌లో కొన్నిచోట్ల 1,500 మిల్లీమీటర్ల వాన కురిపించింది.

2023 అక్టోబరు 24 ఉదయం ఓటిస్ తుపాను ఇంకా హరికేన్ కూడా కాదు. అదే అర్ధరాత్రి దాటాక గంటకు 250 కిలోమీటర్లు మించిన గాలులతో మెక్సికోలోని అకపుల్కోను చిదిమేసింది. ఒక్క పగలులో అంత పెద్ద నగరాన్ని ఖాళీ చేయించడం ఎవరివల్లా కాదు. తుపాను ముదిరాక జనాన్ని తరలిద్దామనే పద్ధతి ఇక చెల్లదు. గట్టి ఆశ్రయాలు తీరం పొడవునా ముందే కట్టాలి, సముద్రాన్ని మరింత కాచే కర్బన ఉద్గారాలకు ఇప్పుడే కళ్ళెం వేయాలి.