సింధియా: ఒక ఇంటిపేరు నడిచిన దారి

తెలుగునాట సాధారణంగా ఊరిపేరే ఇంటిపేరవుతుంది. పూసపాడు పూసపాటి అయింది. తెన్నేరు తెన్నేటి అయింది. విశాఖపట్నంలో దీనికి తలకిందులుగా ఒక ఇంటిపేరే ఊరిపేరయింది. అదే సింధియా. ఇది ఎట్లా జరిగిందో పరిశీలిస్తే, పేర్ల వెనుకనున్న ఆస్తి సంబంధాలు మనకు స్పష్టపడతాయి.

శిందేలు సతారా ప్రాంతపు కన్హేర్‌ఖేడ్ గ్రామ పటేళ్లు. 18వ శతాబ్దంలో రాణోజీ శిందే పీష్వా బాజీరావు సేనానిగా పైకివచ్చి, మాళవంలో పన్నుల వసూలు హక్కు సంపాదించాడు. రైతు చెల్లించిన ఆ పన్ను మీదనే గ్వాలియర్ సంస్థానం లేచింది; శిందే సింధియాగా మారింది. 1857లో దేశం తిరగబడినప్పుడు జయాజీరావు సింధియా కుంఫిణీ పక్షాన నిలిచాడు. 1858లో ఆయన సైన్యమే ఆయనను విడిచి తిరుగుబాటుదారులతో కలిసింది.

1914లో ఆ వంశపు రాజు 'ఎంప్రెస్ ఆఫ్ ఇండియా' ఓడను యుద్ధంలో ఆసుపత్రి ఓడగా వాడటానికి కొన్నాడు. దానికి పెట్టిన కొత్త పేరు 'లాయల్టీ', అంటే రాజభక్తి. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ ప్రభృతులు ఆ ఓడనే కొని, తమ కంపెనీకి సింధియా పేరు పెట్టుకున్నారు. ఏప్రిల్ 5న అది బొంబాయి నుంచి లండనుకు బయలుదేరింది. రాజభక్తి పేరుగల ఓడ స్వదేశీ నౌకాయానానికి గుర్తయింది! సంస్థానాధీశుల ఘనతను అరువు తెచ్చుకుంటూనే దేశీయ ధనికవర్గం బ్రిటిషు ఓడల కంపెనీలతో తలపడింది. ఆ పోటీ నిజమైనదే; దాన్ని కాదనరాదు.

1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ విశాఖలో ఆ కంపెనీ నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశాడు. 1948 మార్చి 14న నెహ్రూ 'జలఉష'ను నీటిలోకి విడిచాడు. 1952లో అది హిందూస్తాన్ షిప్‌యార్డు అయింది; 1961లో పూర్తిగా ప్రభుత్వపరమైంది. యజమాని మారినా వాడ పేరు మాత్రం సింధియాగానే నిలిచింది.

'జలఉష'కు రేకులు అతికినవారి ఇంటిపేర్లలో ఒక్కటీ ఆ వాడకు రాలేదు. పేరు పెట్టే హక్కు పెట్టుబడిదే గదా! అయినా ఒక మాట. ఈనాడు సింధియా అంటే కార్మికుడికి గ్వాలియర్ కోట తోచదు. యార్డు గేటు, షిఫ్టు వేళ, బస్సు తోస్తాయి. రాజుల పేరుకు శ్రమ కొత్త అర్థం ఇచ్చింది. ఆ అర్థం చరిత్ర పుస్తకాలకు ఎక్కాలి. పేరు ఎవరిదని తెలుసుకున్న విద్యార్థి, పని ఎవరిదని కూడా అడగాలి.