గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్

గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్ 2012లో రెండు భాగాలుగా విడుదలైన హిందీ చలనచిత్రం. దర్శకుడు అనురాగ్ కశ్యప్. జార్ఖండ్‌లోని ధన్‌బాద్ బొగ్గు గనుల చుట్టూ తరతరాలు సాగిన పగలను 1941 నుంచి 2009 దాకా చూపుతుంది. పాత్రలను కథకోసం మలిచారు. వాటి వెనకున్న బొగ్గు చరిత్ర మాత్రం నిజమైనది.

చారిత్రక నేపథ్యం

ధన్‌బాద్ పక్కనున్న ఝరియా మేలిరకం కోకింగ్ బొగ్గుకు దేశంలో ప్రధాన స్థానం. ఈ బొగ్గును గాలి తగలకుండా వేడిచేస్తే కోక్ వస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజం నుంచి ఇనుము తీయడానికి కోక్ కావాలి. 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలుపెట్టిన జంషెడ్‌పూర్ టాటా కర్మాగారం ఎదిగింది ఈ బొగ్గుతోనే. ఆ కర్మాగారం ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలను జంషెడ్‌పూర్‌కు రప్పించింది.

1890ల్లో రైలుమార్గం వచ్చాక ఝరియాలో తవ్వకాలు ఊపందుకున్నాయి. సంతాల్ ఆదివాసులతో పాటు బీహార్ జిల్లాల నుంచీ, తూర్పు ఉత్తరప్రదేశ్, బిలాస్‌పూర్ ప్రాంతాల నుంచీ కూలీలు వలసవచ్చారు. వాళ్లను అదుపులో పెట్టడానికి యజమానులు కర్రలు పట్టిన వస్తాదులను నియమించుకున్నారు.

కోకింగ్ బొగ్గు గనులను ప్రభుత్వం 1971 అక్టోబరులో తన ఆధీనంలోకి తీసుకుని, 1972 మే 1న జాతీయం చేసింది. టాటాల సొంత గనులకు మినహాయింపు దొరికింది. మిగిలినవాటిలో చాలావరకు భారత్ కోకింగ్ కోల్ లిమిటెడ్ కిందికి వచ్చాయి. యజమానులు మారినా ముఠాలు పోలేదు. రవాణా కాంట్రాక్టులు, ఇనుప తుక్కు వేలాలు, వడ్డీ వ్యాపారం, కార్మిక సంఘాల పెత్తనం వాటి చేతుల్లోకి చేరాయి. ధన్‌బాద్‌కు ‘కోల్ మాఫియా’ పేరు అంటుకున్నది ఇలాగే.

కథ

బందిపోటు సుల్తానా పేరు చెప్పుకుని రైళ్లు దోచిన షాహిద్ ఖాన్‌ను ధన్‌బాద్‌లోని వాసేపూర్‌కు చెందిన కసాయి వర్గం ఖురేషీలు ఊరి నుంచి తరిమేస్తారు. అతడు ధన్‌బాద్ గనిలో కూలీగా చేరతాడు. స్వాతంత్ర్యం వచ్చాక గని యజమాని రామాధీర్ సింగ్ అతణ్ని వస్తాదుగా పెట్టుకుని, గనిని చేజిక్కించుకోవాలన్న అతడి ఆశలు చెవిన పడగానే చంపిస్తాడు. పగ తీరేదాకా జుట్టు పెంచనని కొడుకు సర్దార్ ఖాన్ శపథం చేస్తాడు. అతడూ హత్యకు గురయ్యాక, గంజాయి మత్తులో తిరిగే అతడి రెండో కొడుకు ఫైజల్‌పై ఆ భారం పడుతుంది. ఫైజల్ రామాధీర్‌ను చంపుతాడు, చివరికి సవతి తమ్ముడు డెఫినిట్ చేతిలో చస్తాడు.

నిర్మాణం

ఈ కథకు బీజం వేసినది వాసేపూర్‌కు చెందిన జీషాన్ ఖాద్రీ. రచనలో పాల్గొనడమే కాక ‘డెఫినిట్’ పాత్రనూ పోషించారు. చిత్రీకరణ ఎక్కువగా వారణాసి, చునార్ వంటి ఉత్తరప్రదేశ్ ప్రాంతాల్లోనూ, బీహార్‌లోనూ జరిగింది. ఛాయాగ్రహణం రాజీవ్ రవి, సంగీతం స్నేహా ఖాన్వల్కర్. సర్దార్‌గా మనోజ్ బాజ్‌పాయి, ఫైజల్‌గా నవాజుద్దీన్ సిద్దిఖీ, రామాధీర్‌గా తిగ్మాంశు ధూలియా నటించారు. ‘చిత్రం’తో తెలుగువారికి పరిచయమైన రీమాసేన్ ఇందులో సర్దార్ రెండో భార్య దుర్గ.

రామ్‌గోపాల్ వర్మ ‘సత్య’ (1998)కు కశ్యప్ సహరచయిత. బాజ్‌పాయికి పేరు తెచ్చినదీ ఆ చిత్రమే. తమిళ దర్శకులు బాల, అమీర్, శశికుమార్‌లకు, స్ఫూర్తినిచ్చినందుకు కశ్యప్ తెరమీదే కృతజ్ఞతలు చెప్పారు. రాయలసీమ కక్షల మీద వర్మ తీసిన ‘రక్తచరిత్ర’ కూడా 2010లో రెండు భాగాలుగానే వచ్చింది.

విడుదల, స్పందన

ఐదు గంటలకు పైగా నిడివిగల ఈ చిత్రం 2012 మే నెలలో కాన్ ఉత్సవంలోని డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ విభాగంలో ప్రదర్శితమైంది. మన దేశంలో తొలిభాగం జూన్ 22న, మలిభాగం ఆగస్టు 8న విడుదలయ్యాయి. 60వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో శబ్ద మిశ్రమానికి అవార్డు లభించింది. ఈ చిత్రంతో సహా పలు చిత్రాల్లో నటనకు సిద్దిఖీకి ప్రత్యేక జ్యూరీ పురస్కారం దక్కింది. తమ ఊరిని నేరస్థుల నెలవుగా చూపారని వాసేపూర్ వాసులు కొందరు అభ్యంతరం తెలిపారు.

ప్రాముఖ్యం

ప్రతీకార చిత్రాలు సాధారణంగా పగను కుటుంబ గౌరవానికే కట్టేస్తాయి. ఈ చిత్రం దాన్ని కూలీ బతుకుతో, గుత్తేదారీతో, రాజకీయ అధికారంతో ముడివేసింది. ఖాన్‌ల కుటుంబం నాశనమయ్యాక కూడా రామాధీర్ కొడుకు మిగిలే ఉంటాడు. తుపాకులు పట్టిన మనుషులు చచ్చినంత మాత్రాన, వాళ్లను పోషించిన వ్యవస్థ కూలదని గట్టిగా చెప్పడమే ఈ చిత్రానికి హిందీ సినిమా చరిత్రలో శాశ్వత స్థానం తెచ్చింది.