జీబీల లెక్క: ఖమ్మం–భద్రాచలం దారిలో కంప్యూటర్ నిల్వ చరిత్ర

కొత్త కంప్యూటర్‌లో ఎంత నిల్వ ఉండాలన్న లెక్క ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం బజార్లలో మొదట డీటీపీ సెంటర్లలో మొదలైంది. 1990ల్లో అక్కడి పనంతా అక్షరాలదే. పెళ్లి కార్డులు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, శ్రీరామనవమి ముందు ఆహ్వానాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారయ్యేవి. అక్షరానికి పెద్దగా చోటు అక్కర్లేదు. నేటి యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు పోయినా, రెండు వేల సంకేతాల పేజీ 6 కేబీ దాటదు. 1.44 ఎంబీ ఫ్లాపీలో అలాంటి పేజీలు రెండు వందలకు పైగా పడతాయి. పైగా అసలు నిల్వ కాగితమే. భద్రాచలానికి గోదావరి అవతలి ఒడ్డున ఉన్న సారపాకలో 1979 నుంచి కాగితపు అట్టల మిల్లు నడుస్తున్న ప్రాంతమిది. అచ్చయిన కార్డు చేతికొచ్చాక ఫైలు ఉన్నా పోయినా పట్టించుకునేవారు తక్కువ.

ముందుచూపుతో పెద్ద డిస్క్ కొందామన్నా యంత్రానికీ ఒక హద్దు ఉండేది. 1990ల చివరి దాకా చాలా మదర్‌బోర్డులు 8.4 జీబీకి మించిన డిస్క్‌ను పూర్తిగా గుర్తించేవి కావు. తర్వాతి తరం బోర్డులు 137 జీబీ దగ్గర ఆగిపోయేవి. అందుకే అసెంబుల్డ్ సిస్టమ్ అమ్మేవాళ్ల సలహా ఒక్కటే: ఇప్పటికి చాలినంత తీసుకోండి, నిండాక ఇంకోటి వేయించుకోండి. క్యాబినెట్‌లో ఖాళీ ఉండేది. రెండో డిస్క్ వెనక గోరంత జంపర్‌ను ‘స్లేవ్’ స్థానంలోకి మార్చి, కేబుల్‌కు మధ్యలో ఉన్న కనెక్టర్ తగిలిస్తే పని అయిపోయేది. ఒకే కంప్యూటర్ ఏళ్ల తరబడి నడిచిందంటే అందులో ఈ వెసులుబాటు పాలు చాలా ఉంది.

తేల్చుకోవలసిన ఇంకో సంగతి, ఉన్న డిస్క్‌లో సీ డ్రైవ్‌కు ఎంత ఇవ్వాలన్నది. వైరస్ పడితే ఫార్మాట్ కొట్టించడం మామూలే. అప్పుడు సీ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, డీలో పెట్టినది మిగులుతుంది. కాబట్టి సీకి పొదుపుగా ఇచ్చి మిగతాదంతా డీకి కేటాయించేవారు. ఏడాది రెండేళ్లు తిరిగేసరికి డీలో బోలెడు ఖాళీ ఉండగానే సీ నిండిపోయి యంత్రం నత్తనడక పట్టేది. కంప్యూటర్ పాతదైపోయిందని జనం అనుకున్న సందర్భాల్లో కొన్నింటికి అసలు కారణం ఈ పంపకమే.

లెక్కను తలకిందులు చేసినవి పెళ్లిళ్లు. మినీ డీవీ క్యాసెట్‌లోని గంట వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే దాదాపు 13 జీబీ అవుతుంది. మూడు గంటల పెళ్లికి 39 జీబీ, అంటే 80 జీబీ డిస్క్‌లో సగం. మిక్సింగ్ పూర్తిచేసి డీవీడీ ఇచ్చాక ఆ ఫైళ్లను తుడిచేసినా భయం ఉండేది కాదు, అసలు క్యాసెట్ బీరువాలో ఉండేది గనుక. కెమెరాలు మెమరీ కార్డుకు మారాక ఆ ధీమా పోయింది. కార్డు మళ్లీ వాడుకోవాలి, కాబట్టి డిస్క్‌లో ఉన్నదే అసలు ప్రతి. ఫొటో స్టూడియోలకు నిల్వ అవసరం ఒక్కసారిగా పెరగడానికి ఫొటోల సైజు కన్నా ఇదే పెద్ద కారణమనిపిస్తుంది. సైజూ తక్కువేమీ కాదు. 12కు 36 అంగుళాల కరిజ్మా ఆల్బం షీటు 300 డీపీఐలో, కుదించకుండా, దాదాపు 117 ఎంబీ. నలభై షీట్ల ఆల్బం ఒక డీవీడీలో పట్టీ పట్టనట్టుంటుంది. అదీ లేయర్లు కలిపేశాక. 2011లో థాయిలాండ్ వరదల్లో ఫ్యాక్టరీలు మునిగి ప్రపంచమంతటా హార్డ్ డిస్కుల ధర పెరిగినప్పుడు ఇలాంటి పనివారికే ఎక్కువ దెబ్బ తగిలింది.

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల, చింతూరు వైపు వెళ్తే నిల్వకు ఇంకో అర్థం వచ్చింది. సెల్‌ఫోన్ చేతికొచ్చినా సిగ్నల్ అందని ఊళ్లలో అది పాటల పెట్టె. సంత రోజున సెల్ దుకాణంలో 2 జీబీ చిప్పు (మెమరీ కార్డు) ఇచ్చి పాటలు ఎక్కించుకుపోయేవారు. పాటకు 5 ఎంబీ చొప్పున నాలుగు వందల పాటలు పట్టేవి. సినిమాలు చిన్న తెరకు సరిపడేలా కుదించి వేసేవారు. కాపీరైట్ చట్టం ముందు నిలిచే వ్యాపారం కాదు గానీ, ఆ దుకాణం డిస్క్ చుట్టుపక్కల గూడేలకు గ్రంథాలయంలా పనిచేసింది. ఇంటర్నెట్ నుంచి మళ్లీ దించుకునే వీలు లేనప్పుడు డిస్క్‌లో లేని పాట లేనట్టే. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక పట్టణాల్లో ఈ బేరం పడిపోయింది. అడవి లోపల మాత్రం వామపక్ష తీవ్రవాద ప్రాంతాలకంటూ 2014లో కేంద్రం ఆమోదించిన టవర్లు 2జీవే. వాటిని 4జీకి మార్చడానికి ఆమోదం 2022లో గానీ రాలేదు.

ఇప్పుడు అమ్మే ల్యాప్‌టాపుల్లో ఎక్కువ వాటికి ఎస్ఎస్‌డీలే ఉంటున్నాయి. వేగం బాగానే పెరిగింది. పలుచని మోడళ్లు కొన్నింటిలో మాత్రం నిల్వ చిప్పును బోర్డుకే అతికిస్తున్నారు. అలాంటి దానిలో కొన్న రోజు తీసుకున్న నిర్ణయమే చివరిది, రెండో డిస్క్ మాట ఉండదు. 256 జీబీ అని రాసి ఉన్నది విండోస్‌లో 238గా కనిపిస్తుంది. దానిలోంచే సిస్టమ్, అప్‌డేట్లు, ప్రోగ్రాములు తమ వాటా తీసుకుంటాయి. ఎస్ఎస్‌డీ దాదాపు నిండితే రాత నెమ్మదిస్తుంది గనుక ఐదో వంతైనా ఖాళీ ఉంచడం మంచిది. ఒకే రకంలో సైజు రెట్టింపైతే మొత్తం ఎంత డేటా రాసుకోవచ్చన్న కంపెనీ హామీ కూడా సాధారణంగా రెట్టింపవుతుంది. ఏడెనిమిదేళ్లు వాడదలచినవారు పెద్ద సైజు వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

మిగిలినది క్లౌడ్‌లో పెట్టుకోవచ్చన్న మాటను ఊరి నెట్‌ను బట్టి తూచాలి. సెకనుకు 5 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంలో 100 జీబీ పైకి పంపాలంటే కరెంటు పోకుండా, సిగ్నల్ తెగకుండా దాదాపు 44 గంటలు పడుతుంది. చదువుకు, ఆఫీసు పనికి 512 జీబీ చాలాకాలం వస్తుంది. వీడియో పని ఉన్నవారికి 1 టీబీ కన్నా తక్కువైతే ఇరుకే. లోపల ఎం.2 స్లాటు ఖాళీగా ఉన్న యంత్రమైతే చిన్నదానితో మొదలుపెట్టి, నిండాక ఇంకోటి వేయించుకోవచ్చు. ఏది కొన్నా విడిగా ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉండాలి, ఎందుకంటే చిప్పు అతికించిన బోర్డు కాలిపోతే అందులోని ఫైళ్లు తిరిగి రావడం చాలా కష్టం.