గ్రెగరీ పోపు – క్రైస్తవ ఆరాధనాక్రమం

కోరుకొండ లాంటి శ్రీవైష్ణవ క్షేత్రాలకు వెళ్ళినవారు ఒక విషయం గమనించే ఉంటారు. చుట్టూ ఉన్నది తెలుగు నేలే అయినా, అలాంటి ఆలయాల సేవాకాలంలో ఆళ్వార్ల తమిళ పాశురాలు వినిపిస్తాయి. వాటిని తెలుగులోకి మార్చి చదవమని భక్తులు పట్టుబట్టరు. ఆరాధనలో ఒకసారి కుదురుకున్న మాట, జనం భాష వేరైనా అంత తేలిగ్గా కదలదు. 6వ శతాబ్దం చివర లాటిన్ మాట్లాడే రోమ్ నగరంలో ఇలాంటి ఒక గ్రీకు మాట మీదే వివాదం వచ్చింది. ఆ వివాదంలో సమాధానం చెప్పుకోవలసి వచ్చినవాడు మొదటి గ్రెగరీ పోపు.

గ్రెగరీ సుమారు 540లో సంపన్న కుటుంబంలో పుట్టాడు. రోమ్ నగరపాలకుడిగా పనిచేసి, ఆ పదవి వదిలి సొంత ఇంటినే మఠంగా మార్చుకున్నాడు. తరువాత పోపు ప్రతినిధిగా కాన్‌స్టాంటినోపుల్‌లో కొన్నేళ్ళున్నాడు. 590లో పోపు అయ్యేనాటికి రోమ్‌లో ప్లేగు ప్రబలి ఉంది. ఆ తరువాత లొంబార్డుల దాడుల భయం వెన్నాడింది. ప్రధాన పూజా ప్రార్థనలో, మా దినాలు నీ శాంతిలో గడిచేలా చేయమని దేవుణ్ణి కోరే చిన్న వాక్యాన్ని ఆయనే చేర్చాడని పోపుల చరిత్ర గ్రంథం చెబుతుంది. ఆ వాక్యాన్ని ఈ పరిస్థితులతో కలిపి చదవండి.

ఇప్పుడు వివాదం సంగతి చూద్దాం. గ్రెగరీ కాన్‌స్టాంటినోపుల్ ఆచారాలను రోమ్ మీద రుద్దుతున్నాడని సిసిలీలో కొందరు గొణుక్కున్నారు. 598లో సిరక్యూస్ బిషప్ జాన్‌కు రాసిన లేఖలో ఆయన దీనికి ఒక్కొక్కటిగా జవాబిచ్చాడు. ‘కీరియే ఎలేసోన్’ అంటే ‘ప్రభూ, కరుణించు’ అని అర్థం. గ్రీకుల దగ్గర దాన్ని అందరూ కలిసి పలుకుతారు. మా దగ్గర గురువర్గం పలికితే జనం బదులు పలుకుతారు. పైగా ‘క్రీస్తూ, కరుణించు’ అనే రెండో మాట గ్రీకులకు లేనే లేదు, ఇక అనుకరణ ఎక్కడ అన్నది ఆయన వాదం. ప్రభువు నేర్పిన ప్రార్థనను ప్రధాన ప్రార్థన ముగిసిన వెంటనే చెప్పాలన్న నిర్ణయాన్నీ ఆ లేఖలోనే సమర్థించుకున్నాడు. మంచి ఆచారం తనకంటే చిన్న సంఘంలో ఉన్నా నేర్చుకుంటానని చెప్పి ముగించాడు. అధికారం చేతిలో ఉన్నవాడు ఇంత ఓపికగా కారణాలు చెప్పుకోవడం ఆ కాలపు లేఖల్లో తరచుగా కనిపించదు. అందుకే చరిత్ర విద్యార్థికి ఈ లేఖ విలువైన ఆధారం.

595లో రోమ్‌లో జరిగిన సభ నిర్ణయం మరీ ఆసక్తికరమైనది. గొంతు బాగుందని చూసి డీకన్లను ఎన్నుకుంటున్నారు, వారి నడవడి ఎవరికీ పట్టడం లేదు. దాంతో డీకన్లు పూజలో సువార్త పఠనం తప్ప మరేదీ పాడకూడదని, మిగిలిన పాటలు కిందిస్థాయివారికి అప్పగించాలని గ్రెగరీ నిషేధం పెట్టాడు. డీకన్ల చేత పాట మాన్పించిన ఈ మనిషే తరువాతి చిత్రాల్లో, చెవి దగ్గర వాలిన పావురం పాఠం చెబుతుంటే సంగీతం రాయిస్తూ కనబడతాడు!

ఇక్కడ మీరు జాగ్రత్తపడాలి. ‘గ్రెగోరియన్ గానం’ అనే పేరు చూసి అది ఆయన రచన అనుకోకూడదు. ఈ ఖ్యాతి బలపడింది ఆయన మరణించిన (604) రెండు శతాబ్దాల తరువాత. ఫ్రాంకుల రాజ్యంలో రోమన్ గానానికీ స్థానిక గానానికీ జరిగిన కలయిక నుంచే మనకు తెలిసిన రూపం వచ్చిందని నేటి పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. 8వ శతాబ్దం చివర హేడ్రియన్ పోపు షార్లమేన్ చక్రవర్తికి పంపిన ‘గ్రెగోరియన్’ ప్రార్థనా గ్రంథం కూడా ఇలాంటిదే. అందులో గ్రెగరీ తరువాత ఏర్పడిన పండుగలున్నాయి; మామూలు ఆదివారాల ప్రార్థనలు చాలావరకు లేవు. ఆ లోటు తీర్చిన అనుబంధం ఆల్క్విన్ రాశాడని చాలాకాలం నమ్మారు. ఇప్పుడు అనియాన్ మఠానికి చెందిన బెనెడిక్ట్ పేరు చెబుతున్నారు.

ఈ కథ గోదావరి ఒడ్డుకు ఎలా చేరింది? 1523లో లూథర్ పూజాక్రమాన్ని సంస్కరించినప్పుడు చాలా భాగాలు కొట్టేశాడు కాని, ‘కీరియే’ను, ఆ రోజుకు చెందిన చిన్న ప్రార్థనను ఉంచాడు. 1840ల్లో ఉత్తర జర్మనీ మిషనరీలు రాజమండ్రిలో మొదలుపెట్టిన పని తరువాత అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. 1869లో ఆ కేంద్రం చేజారిపోయే స్థితి వస్తే, 1793లో పుట్టిన ఫాదర్ హయ్యర్ ఆ వయసులో మళ్ళీ ఓడ ఎక్కి వచ్చాడు. లూథరన్ ఆరాధనాక్రమం తెలుగులోకి వచ్చింది ఈ మార్గంలోనే.

అయితే డెల్టా అంతటా ఇదే పద్ధతి అనుకోకండి. 1836లో వచ్చి నరసాపురం ప్రాంతంలో పనిచేసిన బౌడెన్, బీర్ బ్రదరెన్ శాఖవారు. వారి కూటాల్లో రాసిపెట్టిన క్రమం ఉండదు. ప్రేరణ కలిగిన సహోదరుడు లేచి ప్రార్థిస్తాడు. గ్రెగరీ వారసత్వం వారిని దాదాపు తాకలేదనే చెప్పాలి. మరోవైపు పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగు కీర్తనలు ఈ రెండు శాఖల వారి నోటా ఉన్నాయి. రాజమండ్రి చుట్టుపక్కల లూథరన్ గుడిలో ఒకే ఆదివారం ఉదయం, రోమ్‌లో గ్రెగరీ సమర్థించుకున్న ఆ కరుణా ప్రార్థన తెలుగులోనూ, ఆ వెంటనే చౌదరి కీర్తన మన రాగంలోనూ మీకు వినిపించవచ్చు.