తెయోతిత్లాన్ దెల్ వయ్యె

మెక్సికో దక్షిణాన ఒహాకా రాష్ట్రంలో, ఒహాకా నగరానికి తూర్పున సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న జపొటెక్ నేతగాళ్ల ఊరు. స్పానిష్‌వారు రాకముందే ఇక్కడ నడుముకు బిగించుకునే మగ్గాలపై నూలు బట్ట నేసేవారు. 16వ శతాబ్దంలో గొర్రెలు, కాలితో తొక్కే మగ్గం వచ్చాయి. అప్పటినుంచి ఊరి బతుకు ఉన్నితో ముడిపడింది. 1940లలో పాన్ అమెరికన్ రహదారి పడ్డాక పర్యాటకులు పెరిగారు, దుప్పట్ల స్థానంలో తివాచీలు ముఖ్యమయ్యాయి.

ఊరికి పేరు తెచ్చింది రంగులే. నాగజెముడు మట్టలపై బతికే కొచినీల్ పురుగులను ఎండబెట్టి సన్నికల్లుపై మెత్తగా నూరుతారు. ఆ పొడిని నీటిలో కలిపితే వచ్చే ఎర్రటి ద్రావణంలో నిమ్మరసం పిండితే నారింజ ఛాయకు తిరుగుతుంది. క్షారం కలిపితే ఊదా అవుతుంది. వలస పాలనలో ఈ పురుగు వెండి తర్వాతి స్థానంలో ఉన్న ఎగుమతి సరుకు. 19వ శతాబ్దపు కృత్రిమ రంగులు ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. నీలానికి నీలిమందే వాడతారు.

మగ్గం సాధారణంగా ఇంటి వసారాలోనే ఉంటుంది. చాలా కుటుంబాలకు మొక్కజొన్న పొలమూ ఉంది. ఊరి పనులకు జీతం లేని ఉమ్మడి శ్రమ ‘తెకియో’. డబ్బు లెక్కకు అందని అసలు ఆర్థికం ‘గెలగెత్సా’ అనే బదులు: పెళ్లికో పండుగకో ఎవరు ఎన్ని టర్కీ కోళ్లు, ఎంత మొక్కజొన్న ఇచ్చారో నోటుపుస్తకంలో రాసుకుంటారు. ఇచ్చినవారింట శుభకార్యం వచ్చిననాడు అంతే తిరిగి ఇస్తారు.